కాలేజీ ఆన్‌లైన్ ఫీడ్‌బ్యాక్ పోర్టల్ రివ్యూ: కాగితం పోయింది, 5కి 3 ఇస్తున్నా

మా కాలేజీలో స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ ఇదివరకు కాగితం మీద ఉండేది, ఇప్పుడు ఈఆర్‌పీలో, అంటే కాలేజీ పనులన్నీ నడిపే సాఫ్ట్‌వేర్‌లో, ఒక మాడ్యూల్ అయ్యి ఫోన్‌లోకి వచ్చేసింది. కాలేజీ పేరు, సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు చెప్పను, ఉద్యోగం కావాలి కదా. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేట్ అటానమస్ ఇంజనీరింగ్ కాలేజీ అనుకోండి చాలు, రింగ్ రోడ్డు చుట్టూ అలాంటివి ఎన్నున్నాయో మీకే తెలుసు. నేను ఈసీఈలో (ఎలక్ట్రానిక్స్) అసిస్టెంట్ ప్రొఫెసర్ని, పైగా డిపార్ట్‌మెంట్‌కి ఫీడ్‌బ్యాక్ కోఆర్డినేటర్ని కూడా, అంటే పిల్లలు నాకూ మార్కులేస్తారు, అందరికీ వేసిన మార్కులు పట్టుకుని రిపోర్టులు చేసేదీ నేనే. మధ్యలో కరోనా టైంలో గూగుల్ ఫారంలు నడిచాయి గానీ వాటిని లెక్కలోకి తీసుకోవట్లేదు, అప్పుడు క్లాసులే సరిగ్గా లేవు ఇంక ఫీడ్‌బ్యాక్ ఏం చెప్తారు.

కాగితం రోజులు ఎలా ఉండేవో కొత్తవాళ్ళకి చెప్పాలి. మిడ్-2కి, అంటే సెమ్‌లో రెండో ఇంటర్నల్ పరీక్షకి, ముందు ఒక పీరియడ్ ఖాళీ చేసి వేరే డిపార్ట్‌మెంట్ సార్ ఎవరో షీట్లు పట్టుకొచ్చేవారు. అడ్డంగా సబ్జెక్టులు, నిలువుగా ప్రశ్నలు, గళ్ళల్లో 1 నుంచి 5 దాకా అంకె వెయ్యాలి, ఇంకేమైనా చెప్పాలనుంటే వెనక పేజీలో రాయాలి. సబ్జెక్టు చెప్పేవాళ్ళు బయటికి వెళ్ళిపోవాలని రూలు, కానీ వరండాలో తలుపు పక్కనే ఫోన్ చూసుకుంటూ నిలబడే మహానుభావులు ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉండేవాళ్ళు. ఫస్ట్ బెంచ్‌లో ఒకడు వేసిన అంకెలు వెనక మూడు బెంచీల దాకా అలాగే పాకేవి, "సార్ మంచోడేరా, ఫైవ్ వేసెయ్" అని గుసగుస. షీట్లన్నీ సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) కలెక్ట్ చేసేవాడు, చేస్తూ చదివేవాడు కూడా, ఎవరి రైటింగ్ ఏంటో వాడికి తెలుసు కదా. కాబట్టి కాగితం అంటే స్వచ్ఛమైన కాలం అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆ తర్వాత అసలు నరకం. 65 మంది, తొమ్మిది సబ్జెక్టులు, పది ప్రశ్నలు, అంటే ఒక్క సెక్షన్‌కే 5850 అంకెలు ఎక్సెల్‌లో కొట్టాలి. అది కొట్టేది డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన మేడమో, ల్యాబ్ అసిస్టెంటో. రిపోర్టు చేతికొచ్చేసరికి తర్వాతి సెమ్ సగం అయిపోయేది, వెనక పేజీ కామెంట్లు ఎవరూ టైప్ చేసేవాళ్ళు కాదు, టైం ఎక్కడిది, షీట్లు ట్యాగు వేసి బీరువాలో పెడితే మళ్ళీ కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వాళ్ళు వచ్చినప్పుడే దుమ్ము దులిపేది.

ఆ పని మొత్తం పోర్టల్ ఒక్క దెబ్బకి తీసేసింది. విండో, అంటే నింపే గడువు, క్లోజ్ అయిన నిమిషానికి రిపోర్టు రెడీ, సెక్షన్ వారీగా, ప్రశ్న వారీగా, పోయినేడాదితో పోలిక కూడా. మొదటి స్టార్ దానికే, ఇందులో వంక పెట్టడానికేం లేదు.

రెండో స్టార్ అటెండెన్స్ లింకుకి. ఇది చాలామందికి తెలియని ఫీచర్ కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. కాగితం పంచిన రోజు క్లాసుకి వచ్చినవాడే అంకె వేసేవాడు, కాబట్టి వడపోత దానంతటదే జరిగిపోయేది. ఆన్‌లైన్ పెట్టగానే సెమ్ అంతా క్యాంటీన్‌లో కూర్చున్నవాడు కూడా "సిలబస్ టైంకి పూర్తి చేశారా" అన్నదానికి 2 కొట్టి వెళ్తాడు, వాడికెలా తెలుసు నాన్నా అది. ఈ మాడ్యూల్‌లో అటెండెన్స్ కటాఫ్ పెట్టుకోవచ్చు, కానీ మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, అడ్మిన్ లాగిన్‌లో వెతికి ఆన్ చెయ్యాలి. నా అభిప్రాయం అడిగితే క్లాసుకి రానివాళ్ళని తీసెయ్యకూడదు, వేరే కాలమ్‌లో చూపించాలి, ఎందుకంటే కొందరు రాకపోవడానికి కారణమే ఆ క్లాసు చెప్పే పద్ధతి కావచ్చు. ఆ ఆప్షన్ మాత్రం ఇవ్వలేదు.

ఇప్పుడు అసలు గొడవ. పోర్టల్ పెట్టిన మొదటి సెమ్‌లో ఎవరినీ బలవంతం చెయ్యలేదు, మెసేజ్ పంపి ఊరుకున్నాం, సగం మంది కూడా నింపలేదు. ప్రిన్సిపాల్ గారు మా పిల్లలకి బాధ్యత లేదు అన్నారు గానీ ఇది మన పిల్లల రోగం కాదు, ప్రపంచమంతా ఇంతే. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీ నుంచి డంకన్ నల్టీ 2008లో ఒక పేపర్ రాశారు, అప్పటిదాకా వచ్చిన స్టడీలు కలిపి చూస్తే కాగితానికి సగటున 56%, ఆన్‌లైన్‌కి 33% రెస్పాన్స్. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ నార్త్‌రిడ్జ్‌లో చేసిన స్టడీ ఒకటి 2004లో వచ్చింది, అక్కడ క్లాసులో ఇస్తే 75%, ఆన్‌లైన్‌లో 43%. అదే స్టడీలో ఇంకో తమాషా ఉంది, ఆన్‌లైన్‌లో నింపితే గ్రేడ్‌లో పావు శాతం కలుపుతాం అని చెప్పిన క్లాసుల్లో అది 87కి ఎగిరిందట. పావు శాతం! మన దగ్గర అసైన్‌మెంట్‌కి అర మార్కు తగ్గిస్తే రూమ్ ముందు క్యూ కడతారు కదా, పిల్లలు ఎక్కడైనా పిల్లలే.

ఆ స్టడీలో సగటు మార్కులు మాత్రం కాగితానికీ ఆన్‌లైన్‌కీ పెద్దగా మారలేదు, అది కూడా చెప్పాలి, లేకపోతే నేను కావాలని ఒకవైపు వాయిస్తున్నట్టు ఉంటుంది. పెద్ద సెక్షన్లకి అది నిజమే, మాకూ అలాగే వచ్చింది. చిన్న క్లాసుల్లోనే తేడా కొడుతుంది. ఫైనల్ ఇయర్‌లో 14 మంది ఉన్న ఎలెక్టివ్ తీసుకోండి. అందులో 13 మంది 4 ఇచ్చి, మిడ్‌లో మార్కులు తగ్గాయని కోపమొచ్చిన ఒక్కడు 1 ఇస్తే సగటు 3.79. అదే క్లాసులో ఐదుగురే నింపి ఆ ఐదుగురిలో వాడుంటే 3.40. సార్ అదే సార్, క్లాసు అదే క్లాసు. మా రిపోర్టులో 3.5 కన్నా తక్కువ వస్తే ఎర్ర రంగు పడుతుంది, హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) రూమ్‌కి పిలుపు వస్తుంది. ఎంతమంది నింపారు అన్న అంకె మాత్రం రెండో పేజీ కింద చిన్న అక్షరాల్లో, అంత కిందకి ఎవరు చూస్తారు.

రెస్పాన్స్ తక్కువైంది అని కంపెనీ వాళ్ళకి చెప్తే వాళ్ళ దగ్గర రెడీగా ఉన్న మందు హాల్ టికెట్ లాక్. ఫీడ్‌బ్యాక్ సబ్మిట్ చేస్తేనే హాల్ టికెట్ డౌన్‌లోడ్ అవుతుంది. తర్వాతి సెమ్‌లో అది పెట్టారు, రెస్పాన్స్ నూటికి నూరు, మీటింగ్‌లో చప్పట్లు. నేను ఆ డేటా తీసి చూశాను, పేజీకి పేజీ 5, 5, 5, 5. ఆరు థియరీలు, మూడు ల్యాబులు, ఒక్కోదానికి పది ప్రశ్నలు అంటే 90 సార్లు నొక్కాలి, దాన్ని నిమిషంన్నరలో లాగించేసినవాళ్ళు కుప్పలు. కొందరు మర్యాదగా అన్నిటికీ 4 పెట్టారు. ఒక పిల్లాడు 1, 2, 3, 4, 5, 4, 3, 2 అని మెట్లు ఎక్కి దిగాడు, వాడి ఓపికకి దణ్ణం. ఎంత టైంలో నింపారో సర్వర్‌కి తెలుసు, ఆ కాలమ్ డేటాలో ఉంది, కానీ రిపోర్టులో చూపించరు, చూపిస్తే ఆ నూరు శాతానికి విలువేంటో అందరికీ తెలిసిపోతుంది కదా. లాక్ పెట్టిన రోజునుంచి మా దగ్గర ఎవరికీ ఎర్ర రంగు పడలేదు, ఫ్యాకల్టీ అందరూ హ్యాపీ, దాంతో దీన్ని తీసేయమని అడిగేవాళ్ళు కూడా లేకుండా పోయారు, నేను తప్ప.

ఇంకో కామెడీ, మా క్యాంపస్‌లో ఫోన్ బ్యాన్. క్లాసులో ఫోన్ కనపడితే తీసుకుని హెచ్ఓడీ దగ్గర పెడతారు, ఫీడ్‌బ్యాక్ ఏమో ఫోన్‌లో నింపాలి. అందుకని డే స్కాలర్లు కాలేజీ బస్సులో గుంతల్లో ఎగురుతూ, హాస్టల్ వాళ్ళు రాత్రి పదకొండు తర్వాత వైఫై ఖాళీ అయ్యాక నింపుతారు. ఒక సెక్షన్‌కి మాత్రం నేను పట్టుబట్టి కంప్యూటర్ ల్యాబ్ ఒక పీరియడ్ తీసుకుని, లాక్ లేకుండా, ఇష్టమైతేనే నింపండి అని చెప్పి బయట కూర్చున్నాను. దాదాపు అందరూ నింపారు, అంకెలు కూడా మనుషులు ఆలోచించి వేసినట్టు ఉన్నాయి, ఒక సబ్జెక్టుకి 5, ఇంకోదానికి 3, బోర్డు వాడకానికి 4, డౌట్లు తీర్చడానికి 2, ఇలా. అంటే ఆన్‌లైన్ వల్ల కాదండీ చెడింది, క్లాసులో ఇచ్చే ఆ పావుగంట తీసేయడం వల్ల. కాగితంతో పాటు ఆ పావుగంటని కూడా చెత్తబుట్టలో వేశారు, అది తీసేస్తే డబ్బులు కూడా మిగలవు.

నింపినవాళ్ళ పేరు ఎవరికీ తెలియదు అన్న మాట గురించి. లాగిన్ రోల్ నంబర్‌తో, ఓటీపీ మన నంబర్‌కే, లోపలికి వెళ్తే పైన మన ఫోటో కూడా ఉంటుంది, ఆ ఫోటో కిందే "మీ వివరాలు గోప్యంగా ఉంటాయి" అని రాసుంటుంది. పిల్లలు నవ్వుతారు. టెక్నికల్‌గా చూస్తే అది అబద్ధమేం కాదు, నింపారా లేదా అన్నది ఒక టేబుల్‌లో, ఏం నింపారన్నది ఇంకో టేబుల్‌లో, రెండిటికీ లింకు లేదని కంపెనీ వాళ్ళు చూపించారు. కానీ రెండిట్లోనూ నింపిన టైం నమోదవుతోంది, సెకండ్లతో సహా, కావాలనుకుంటే కలపడం ఎంతసేపు. అది అడిగితే మా డెవలపర్ టీంకి చెప్తాం మేడమ్ అన్నారు, ఇంకా చెప్తూనే ఉన్నారు. అసలు పిల్లలకి టేబుల్స్ గురించి ఎలా తెలుస్తుంది, వాళ్ళకి తెలిసిందల్లా పొద్దున్నే సీఆర్ వాట్సాప్ గ్రూపులో "కింది రోల్ నంబర్లు ఇంకా నింపలేదు" అని లిస్టు పెట్టడం. నింపలేదని తెలిసినవాళ్ళకి ఏం నింపామో తెలియదా అనుకుంటారు, నేనైనా అదే అనుకుంటా. ఆ లిస్టు ఆపేసి ఎంత శాతం అయిందో మాత్రమే చెప్పండి అని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

మూడో స్టార్ కామెంట్ బాక్సుకి, ఇది నేను ఊహించలేదు. కాగితం వెనక పేజీ ఎక్కువ ఖాళీగానే ఉండేది, రాసినా "గుడ్", "నైస్ టీచింగ్". ఫోన్‌లో మాత్రం రాస్తున్నారు. ఇది కూడా మన ఒక్కరి అనుభవం కాదు, 1999లో అమెరికాలో వచ్చిన ఒక స్టడీలో కాగితం మీద సగం మంది కామెంట్ రాస్తే కంప్యూటర్‌లో 76% మంది రాశారు, రైటింగ్ గుర్తుపడతారన్న భయం లేకపోవడం కూడా ఒక కారణం అయ్యుంటుంది. మాకు వచ్చినవాటిలో పనికొచ్చేవి నిజంగా ఉన్నాయి. సిగ్నల్స్ సబ్జెక్టులో కన్వల్యూషన్ అనే టాపిక్ ఒక్క ఉదాహరణతో వదిలేశారు, ట్యుటోరియల్ పీరియడ్ పెట్టి దాన్ని కూడా థియరీకి వాడేసుకుంటున్నారు, ల్యాబ్‌లో సీఆర్‌ఓలు (సిగ్నల్‌ని తెర మీద చూపించే పరికరాలు) నాలుగే పనిచేస్తున్నాయి, ఇలాంటివి. ఈ ఒక్క లైను వంద అంకెల కన్నా నయం, ట్యుటోరియల్ విషయం ఆ వారమే సరిచేశాం.

కానీ ఆ కామెంట్లని ఈ సాఫ్ట్‌వేర్ చేసే హింస చూడాలి. పిల్లలు తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతారు, అది వాట్సాప్ అలవాటు. పోర్టల్‌లో ఏఐ సెంటిమెంట్ ఎనాలిసిస్, అంటే కామెంట్ పొగడ్తా తిట్టా అని తేల్చేది, ఉందని బ్రోచర్‌లో పెద్దగా వేశారు, అది ఇంగ్లీష్ మాత్రమే చదువుతుంది. "సార్ చెప్పేది ఒక్క ముక్క అర్థం కాదు, స్లైడ్లు చదివి వెళ్ళిపోతారు" అని ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంటే దానికి న్యూట్రల్ అని ముద్ర. అసలు తెలుగు లిపిలో రాసిన కామెంట్ అయితే పీడీఎఫ్‌లో వరసగా డబ్బాలు వస్తాయి. వర్డ్ క్లౌడ్ అని ఇంకోటి, ఎక్కువసార్లు వచ్చిన మాటని పెద్దగా చూపించే బొమ్మ, అందులో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో "నిల్". తెలుగు రాష్ట్రాల కాలేజీలకి అమ్ముకుంటూ తెలుగు ఫాంట్ కూడా పెట్టకపోతే ఎలా అండీ. నేను మాత్రం ఎక్సెల్ దించుకుని కూర్చుని చదువుతాను, వేరే దారి లేదు.

చదివేటప్పుడు మనసు గట్టిగా పెట్టుకోవాలి, ముఖ్యంగా మేడమ్స్. అర్ధరాత్రి పేరు లేకుండా రాసేది కదా, చీర గురించి, గొంతు గురించి, పెళ్ళి గురించి కూడా వస్తాయి. సార్లకి చొక్కా గురించి రాయడం నేను చూడలేదు. అంకెల్లో కూడా ఈ తేడా ఉంటుందని 2015లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు చూపించారు, ఆన్‌లైన్ క్లాసులో ఒక మగ, ఒక ఆడ ఇన్‌స్ట్రక్టర్ చెరో గ్రూపుకి సొంత పేర్లతో, ఇంకో గ్రూపుకి పేర్లు మార్చుకుని చెప్పారు, ఎవరు చెప్పినా సరే మగపేరు ఉన్నవాళ్ళకే ఎక్కువ మార్కులు, అసైన్‌మెంట్లు అందరికీ ఒకే టైంకి తిరిగిచ్చినా మగపేరు వాళ్ళే టైంకి ఇస్తారని వేశారు. కాబట్టి ఇది పోర్టల్ తప్పు అనను, కాగితంలోనూ ఉండే ఉంటుంది. కానీ బూతు మాటలకి కనీసం ఒక ఫిల్టర్, అవి ముందు కోఆర్డినేటర్‌కే వెళ్ళేలా ఒక మెట్టు పెట్టొచ్చు. ఇప్పుడు నేరుగా ఆ మేడమ్ లాగిన్‌లోనే కనిపిస్తాయి, ఒక జూనియర్ మేడమ్ స్టాఫ్‌రూమ్‌లో ఏడవడం చూశాను.

ఇంక మార్కులు ఎంత తేలిగ్గా కదులుతాయో చెప్పడానికి జర్మనీలో మ్యూన్‌స్టర్ మెడికల్ స్టూడెంట్ల మీద చేసిన స్టడీ ఒకటి ఉంది, 2018లో వచ్చింది. కొన్ని గ్రూపులకి అరకిలో చాక్లెట్ కుకీలు పెట్టారు, కొన్నిటికి పెట్టలేదు. కుకీలు తిన్నవాళ్ళు టీచర్లకి ఎక్కువ మార్కులేశారు, క్లాసు మెటీరియల్ కూడా బాగుందన్నారు! మా కాలేజీలో లాస్ట్ క్లాస్‌కి చాక్లెట్లు పంచే సార్ ఒకాయన ఉన్నారు, ఆ స్టడీ చదివారో లేదో గానీ కాగితం ఉన్నన్నాళ్ళూ ఆయన స్కోరు ఎప్పుడూ 4.6 కన్నా తగ్గలేదు. ఆన్‌లైన్ వచ్చాక విండో పది రోజులు ఉంటుంది కాబట్టి చాక్లెట్ ఏ రోజు పంచాలో తేల్చుకోలేకపోతున్నారు పాపం.

ఫోన్ స్క్రీన్ గురించి రెండు ముక్కలు. గ్రిడ్ మొత్తం పట్టదు, పక్కకి జరపాలి, 4, 5 గళ్ళు తెర బయట ఉండిపోతాయి, జరపని పిల్లాడికి 3తోనే ప్రపంచం అయిపోతుంది. బ్యాక్ నొక్కితే మొదటికొస్తుంది. సెమ్ మధ్యలో మానేసిన మేడమ్ పేరు మారదు, ఆవిడ వెళ్ళిపోయాక చెప్పినాయనకి రావాల్సిన మార్కులు ఆవిడ ఖాతాలో పడ్డాయి, ఏ క్లాసు ఎవరిదో చూపే టైంటేబుల్ మ్యాపింగ్ మార్చాలంటే కంపెనీకి టికెట్ (కంప్లయింట్) పెట్టి వారం ఆగాలి.

ఈ అంకెలు ఊరికే చూసి వదిలేసేవైతే నేను ఇంత రాసేదాన్ని కాదు. టెక్నికల్ కాలేజీల్ని చూసే ఏఐసీటీఈ 2019లో తెచ్చిన, టీచర్లని అన్నివైపుల నుంచీ కొలిచే 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ పద్ధతిలో వందలో 25 పాయింట్లు స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్‌వే. కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్ వాళ్ళు 2017 ఫ్రేమ్‌వర్క్‌లో స్టూడెంట్ శాటిస్‌ఫాక్షన్ సర్వే అని ఒకటి పెట్టి, పిల్లల ఈమెయిల్స్ తీసుకుని నేరుగా వాళ్ళకే లింకు పంపడం మొదలుపెట్టారు, 20 ప్రశ్నలు ప్లస్ సొంతంగా రాయడానికి ఒకటి. అందులో మొదటి ప్రశ్న చూడండి, క్లాసులో సిలబస్ ఎంత శాతం పూర్తి చేశారు అని, ఆప్షన్లు 85 నుంచి 100, 70 నుంచి 84, అలా కిందకి. బాగుందా బాలేదా అని కాకుండా పిల్లాడు కళ్ళతో చూసింది అడుగుతున్నారు. మా పోర్టల్‌లో ఏమో "అధ్యాపకుల విషయ పరిజ్ఞానం ఎలా ఉంది" అని సెకండ్ ఇయర్ పిల్లాడిని అడుగుతారు, వాడేం చెప్తాడు, నా ఎలక్ట్రోమాగ్నెటిక్స్ పరిజ్ఞానానికి వాడు ఇచ్చిన 4కి అర్థమేంటో నాకిప్పటికీ తెలియదు. కాగితంలో ఉన్న అదే పది ప్రశ్నలు మక్కీకి మక్కీ ఎక్కించారు, మార్చుకోవచ్చని డెమోలో చెప్పారు, మార్చమంటే అదనపు చార్జీ.

పిల్లలు సీరియస్‌గా తీసుకోకపోవడానికి ఇంకో కారణం, వాళ్ళు చెప్పింది వాళ్ళకి పనికిరాదు. సెమ్ చివర్లో అడగడం అంటే విస్తరి తీశాక పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు, సరిచేసినా తినేది జూనియర్లు. అందుకే నేను మిడ్-1 అవగానే నా సెక్షన్లకి సొంతంగా మూడు ప్రశ్నలు పంపుతాను, లాగిన్ లేదు, అంకెలు లేవు: ఏ టాపిక్ మళ్ళీ చెప్పాలి, ఏది ఆపేయాలి, ల్యాబ్‌లో ఏం ఇబ్బంది. తర్వాతి క్లాసులో నిలబడి మీరు చెప్పినవాటిలో ఇవి మారుస్తున్నా, ఇవి కుదరదు, ఎందుకంటే ఇది అని చెప్తాను. ఆ పోర్టల్‌లో ఇది పెట్టుకునే సౌకర్యం ఉంది, మిడ్ సెమ్ సర్వే అని ఒక ట్యాబ్, మా కాలేజీలో ఎవరూ తెరవలేదు. డిసెంబర్‌లో రెన్యువల్ ఉంది, ప్రిన్సిపాల్ గారికి నోట్ పెట్టాను, లాక్ తీసి ల్యాబ్ పీరియడ్ ఇవ్వండి, పదిమంది కన్నా తక్కువ నింపిన సబ్జెక్టుకి సగటు చూపించొద్దు, తెలుగు ఫాంట్ పెట్టేదాకా ఫుల్ పేమెంట్ ఇవ్వొద్దు అని. మీ కాలేజీలో కూడా ఇలాంటిది కొంటుంటే డెమోలో వాళ్ళు తెచ్చిన శాంపిల్ డేటా చూడకండి, మీ దగ్గరున్న ఒక సెక్షన్ డేటా ఎక్కించి, ఒక తెలుగు కామెంట్ టైప్ చేసి, మామూలు ఫోన్‌లో తెరిచి చూపించమనండి, అప్పుడు బేరం ఆడండి.